బ్రేకు తొక్కిందెవరు?

మాదాపూర్‌లోని ఆఫీసు నుంచి వచ్చీ రాగానే జశ్వంత్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగి, జాకీ మీద లేపిన తన పాత స్పోర్ట్స్ కారు కింద దూరాడు. బ్రేకుల్లో చేరిన గాలి తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కింద ఒకరు నట్టు వదులు చేస్తే, పైన ఒకరు పెడల్ తొక్కాలి. ఇన్నేళ్లూ ఆ తొక్కే పని అతని భార్య ఆమనిదే. "ఆదివారాలన్నీ దానికేగా, కాపురం కూడా దాంతోనే చేసుకో" అని, ఆమె పోయిన వారమే ప్రగతి నగర్‌లోని అక్క ఇంటికి వెళ్లిపోయింది.

నట్టుకు తగిలించిన గొట్టం చివర సీసాలో పెట్టి, నట్టు వదులు చేసి, అహం చంపుకుని ఆమెకు ఫోన్ చేశాడు.

"ఆమనీ, ఒక్కసారి వస్తావా?"

"ఎందుకూ, బ్రేకు తొక్కడానికా?"

జవాబు చెప్పేలోపే అతని తలపైన పెడల్ కిర్రుమంది. బ్రేక్ ఆయిల్ బుడగలతో సీసాలోకి దిగింది.

"ఆ చప్పుడు నాకు తెలీదా? తొక్కడానికి ఎవరో దొరికారుగా. ఇక నాతో పనేంటి?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

కారుకు తాళం వేసే ఉంది. తాళంచెవి అతని జేబులోనే ఉంది. సెల్లార్‌లో నీళ్ల మోటారు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పెడల్ మళ్లీ దిగింది, ఆమనికి ఎన్నడూ లేని ఓపికతో.

"చాలు, వదులు," అన్నాడు.

పెడల్ పైకి రాలేదు. సీటు కిర్రుమంది. లోపల ఎవరో తలుపు వైపు జరుగుతున్నట్టు, అతని మీదున్న కారు మెల్లగా ఒరిగింది.