మూర్ఛ బిళ్ళలు

“ఇవి మూర్ఛ బిళ్ళలు అచ్చిబాబూ. మందుల షాపులో అడిగే వస్తున్నాను” అంటూ స్కూలు మేనేజరు సుధాకర్ ఆ అట్టను బల్లమీద పడేశాడు.

అచ్చిబాబు నడిపే స్కూలు బస్సులో డ్రైవరు సీటు కింద దొరికింది అది.

“మూర్ఛకి కాదండి. నాకు సర్పి లేచింది గదండి. పుండ్లు మానినా నరం పోటు మానలేదు. నడుం చుట్టూ నిప్పులు పోసినట్టుంటదండి. దానికీ ఇదే మందంట. భీమవరం డాక్టరుగారు రాశారండి.”

“నువ్వంటే నాకు కోపం కాదయ్యా. బస్సు నిండా పిల్లలు. కాలవ గట్టుమీద పోతూ పోతూ నువ్వు స్టీరింగు మీద పడిపోతే?”

“పుట్టి బుద్ధెరిగాక మూర్ఛన్నది నేనెరగనండి.”

“అయితే వారం పాటు ఇవి మానేసి చూపించు. అందాకా షెడ్డులో బస్సులు కడుగు. ఏమీ కాకపోతే తాళం నీకే ఇస్తాను.”

ఇంటి దగ్గర భార్య పాపాయి ఒప్పుకోలేదు. “మీ అంతట మీరు మానొద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు గదండీ.”

“నొప్పి తిరగబెడతదనేగా? పంటి బిగువున ఓర్చుకుంటాను. ఉద్యోగం పోతే తినేదేంటి?” అని ఇంట్లో మిగిలిన బిళ్ళలు కూడా కాలవలో పారేశాడు.

ఆ వారం అచ్చిబాబు పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. చొక్కా గుడ్డ తగిలితే చాలు, ఒళ్ళు భగ్గుమనేది. కంటికి కునుకు లేదు. ఊరికే చెమటలు పట్టేవి, చేతులు వణికేవి. ఎవరడిగినా “బాగానే ఉందండి” అనే చెప్పాడు.

గడువు తీరే రోజు పొద్దున్న సుధాకర్ నవ్వుతూ తాళంచెవి అందించాడు. “ఏమీ అనుకోకయ్యా. అనవసరంగా అనుమానించాను.”

అందుకోబోయిన చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయింది. బస్సెక్కడానికి వరసలో నిలబడ్డ పిల్లల కళ్ళముందే అచ్చిబాబు నేలమీద పడి, నోట నురగతో గిలగిలా కొట్టుకున్నాడు.

ఆసుపత్రిలో మెలకువ వచ్చేసరికి సుధాకర్ గుమ్మంలో ఉన్నాడు. “దేవుడి దయవల్ల పిల్లలు బతికిపోయారు. ఇంక నువ్వు బస్సు జోలికి రాకు” అని వెళ్ళిపోయాడు.

అచ్చిబాబు గోడవైపు తిరిగి ఏడ్చాడు. “నేను అబద్ధం ఆడలేదండి డాక్టరుగారూ. నాకు మూర్ఛుందని నాకే తెలీదండి.”

పాపాయి నోట అంతా విన్న డాక్టరు అతని భుజమ్మీద చెయ్యి వేశాడు.

“నీకు మూర్ఛ లేదయ్యా. ఆ బిళ్ళలు ఉన్నపళంగా మానేశావు, అందుకే వచ్చింది.”