పల్లంరాజుగారి పోలిక

"కాదు," అంది తెర వెనక గొంతు.

వీరబ్రహ్మం కుంచె కింద పెట్టేశాడు. ఈ 'కాదు' వినీ వినీ అతని ప్రాణం విసిగిపోయింది. ఏ వేళ బయల్దేరాడోగాని, రాజమహేంద్రవరం నుంచి కాలవ పడవలో ఈ మొగల్తూరు వచ్చిన నాటినుంచి పటం పూర్తయ్యేదీ లేదు, ఇల్లు చేరేదీ లేదు.

"కాదంటే సరిపోదండి అమ్మగారూ," అన్నాడు ఓపిక తెచ్చుకుని. "ఏది కాదో చెప్పాలి. పోయిన పల్లంరాజుగారిని నేను చూడలేదాయె. తమరు చెప్తేనే కదండి నాకు తెలిసేది!"

అది ఘోషా ఇల్లు. పల్లంరాజుగారి భార్య సుభద్రయ్యమ్మగారు పల్చటి తెర వెనక కూర్చుంటారు. ఆవిడకి పటం కనిపిస్తుంది, ఆవిడ మాత్రం ఎవరికీ కనిపించరు. పోయినాయన ముఖం గుర్తున్నది ఇప్పుడా ఇంట్లో ఆవిడ ఒక్కరికే. ఊహ తెలియని వయసులో తండ్రిని పోగొట్టుకున్న కొడుకు భీమరాజుకి ఇన్నాళ్లకి ఒకటే పట్టుదల పట్టుకుంది. రేపు తద్దినం నాటికి నాన్నగారి పటం గోడమీద ఉండాలి. ఆ ముఖం తను కళ్లారా చూసుకోవాలి.

"నాకు చెప్పడం రాదు నాయనా," అన్నారావిడ.

"ఏముందండి ఇందులో! బొమ్మనంతా ఒక్కసారి చూస్తే ఏమీ తెలీదండి. ముక్కముక్కగా చూడాలి. నుదురు చూడండి. అంత వెడల్పేనా?"

"వెడల్పే."

"ముక్కు?"

"కొస కొంచెం కిందికి వంగేది."

"ఆయ్, వంచానండి. ఇప్పుడు?"

"అదీ! మీసం ఇంత పల్చన కాదు."

అడగ్గా అడగ్గా ఆవిడకి చూడ్డం అలవాటైంది. గడ్డం కింద నీడ ఎక్కువైందని, మెడ పొడుగైందని, అడక్కుండానే చెప్పడం మొదలెట్టారు. తప్పులు పట్టడం నేర్పి కొరివితో తల గోక్కున్నాను గదరా భగవంతుడా అనుకున్నాడు వీరబ్రహ్మం. చెప్పినవన్నీ దిద్దాడు. దిద్దేసరికి పొద్దు వాలింది, నడుం పట్టేసింది.

"ఇంకా ఏంటండి వెలితి?"

"ఏమీ లేదు. అన్నీ ఆయనవే," అన్నారావిడ. "అయినా ఆయన కాదు."

"అదేంటండీ!"

"ఏమో నాయనా, నాకూ తెలీడం లేదు. అలిసిపోయాను. ఇలాగే ఉంచెయ్యి."

"ఉంచెయ్యడానికి వీల్లేదు!" ఇందాకట్నుంచీ పక్కనే కూర్చుని చూస్తున్న భీమరాజు కుర్చీలోంచి లేచాడు. "ఎవడి ముఖానికో దండ వేసి నాన్నగారూ అని దణ్ణం పెట్టమంటారా అమ్మా? ఊరంతా దేవుడని చెప్పుకునే మనిషి ఆయన. ఆ ముఖం నేను ఒక్కసారి చూసుకోవద్దూ? ఏమయ్యా వీరబ్రహ్మం, చేతకాకపోతే చేతకాదని ఏడువు!"

కాలితో ఒక్క తన్ను తన్నాడు. రంగుగిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది.

వీరబ్రహ్మం కుంచె తీసుకున్నాడు. ఎదురుగా నిలబడి ఊగిపోతున్న కుర్రరాజు ముఖం తప్ప అతని కళ్లకి ఇంకేమీ ఆనలేదు. ఎలాగూ తండ్రీకొడుకులే కదా, ఇదే తగలేద్దాం అనుకున్నాడు. పటంలో కనుబొమలు దగ్గరికి లాగాడు. ముక్కుపుటాలు ఎగరేశాడు. పెదవి బిగించాడు. కళ్లలో కాస్త ఎరుపు పులిమి, పటాన్ని తెర వైపు తిప్పాడు.

"చూడండి అమ్మగారూ. ఇంక నా వల్ల కాదండి."

తెర వెనకనుంచి కనీసం 'కాదు' అని కూడా రాలేదు.

"ఈసారి నాన్నగారేనా అమ్మా?" భీమరాజు గొంతులో కోపం పోయి ఆశ వచ్చింది. "చెప్పండమ్మా, ఆయనేనా?"

భీమరాజు ఇంక ఆగలేక తెర పక్కకి లాగి లోపలికి వెళ్లాడు.

గోడ మూలకి ఒదిగిపోయి, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని వణికిపోతున్నారు సుభద్రయ్యమ్మగారు.

"ఒళ్లో పిల్లాడున్నాడండీ... కొట్టకండి!"