కింద సంతకం

"ఇగో, నీ ఎక్స్‌పీరియెన్స్ లెటర్." దివాకర్ కవరును టీపాయ్ మీద పెట్టాడు. సంతోషి పనిచేసిన మందుల ఫ్యాక్టరీలో ల్యాబ్ మేనేజర్ అతను. ఇబ్రహీంపట్నంలో ఆమె ఇంటికి రావడం ఇదే మొదలు.

"ఎనిమిది నెలలు తిప్పిచ్చుకున్నరు సార్. గిప్పుడు మీరే వస్తిరి."

"బీఫార్మసీ అయి రెండేండ్లు కాలే, ఐర్లాండ్ కంపెనీల నౌకరికి పోతున్నవ్. మా గోలీలు కొనేది గా కంపెనీయే అని నిన్ననే తెలిసింది. పాతయి మనసుల పెట్టుకోకు."

సంతోషి ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. అది ల్యాబ్ రిజిస్టర్‌లో ఒక పేజీ. చెయ్యని పరీక్షను ముందురోజే చేసినట్టు రాసి ఉంది. పక్కన నిలబడి ఆమెతో రాయించింది అతనే. రెండోసారి రాయనన్నందుకు గేటు బయటికి పంపిందీ అతనే.

"గా కంపెనీకే మెయిల్ రాసిపెట్టిన. పంపుడే మిగిలింది."

దివాకర్ ఫోటోను పెద్దది చేసి చూశాడు. ముఖంలో బెదురు పోయి నవ్వు వచ్చింది.

"కింద సంతకం ఎవరిది బిడ్డా? నా పేరు యాడన్న ఉందా? ఇది పంపితే ముందుగాల పోయేది నీ నౌకరే. ఎల్లుండి విమానం ఎక్కెటిదానివి, జర ఆలోచన చెయ్."

రెండు చాయ్ గ్లాసులతో వచ్చిన తల్లి కమలమ్మ అంతా విన్నది. ఒక గ్లాసు కూతురి ముందు పెట్టి, రెండోది లోపలికి తీసుకుపోయింది.

సంతోషి మెయిల్ పంపింది.

"అవ్ సార్, సంతకం నాదే," అంటూ కవరును అతని చేతికి తిరిగి ఇచ్చింది. "గందుకే నమ్ముతరు."