రాగి వాషర్లు

పొద్దున్నే కారు గేటు దాటింది కానీ మలుపు తిరగలేదు. స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుపోయింది. గేటు దగ్గర్నుంచి వెనక్కి వాకిలంతా నూనె చార.

కారును మళ్ళీ లోపలికి నెట్టేసరికి అల్లుడి ఫోన్ వచ్చింది.

"మామయ్యా, సాయంత్రం లోపల కాన్పు ఆపరేషన్ చేసి తీరాలంటున్నారు. రక్తం దగ్గర లేకుండా కత్తి పట్టేది లేదంటున్నారు. తన గ్రూపు ఇక్కడెక్కడా దొరకడం లేదు. మీది కలుస్తుంది కదా. మీరొస్తేనే."

"వస్తున్నా," అన్నాడు షావుకారు. స్పేర్ పార్టుల కొట్టు నడుపుతాడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. మాట ఇచ్చాడంటే సరుకు చేరినట్టే.

ఆస్పత్రి కొండ అవతల ఉంది. రాత్రి గాలివానకు బస్సులు ఆపేశారు. టాక్సీవాళ్ళు ఘాట్ రోడ్డు పేరు వినగానే ఫోన్ పెట్టేస్తున్నారు. ఎదురింటి టైలరు వచ్చి గోడ పక్కన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నాకు మిషను తొక్కడం తప్ప ఏ బండీ తోలడం రాదు షావుకారూ. వస్తే ఈపాటికి..."

"తెలుసులే. తోడుగా నిలబడ్డావు. అదే పదివేలు."

ఇక మిగిలింది ఈ కారొక్కటే. పవర్ స్టీరింగ్ పనిచేస్తేనే అది కారు. లేకపోతే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇనప పెట్టె.

షావుకారు బానెట్ ఎత్తి చొక్కా చేతులు మడిచాడు. భార్య మోకాళ్ళ మీద వంగి కారు కిందికి తొంగిచూసింది.

"బొట్టు ఎక్కడ పడుతోంది?"

"గొట్టం వంపు దగ్గరండీ. అక్కడే, టపటపా."

ఆ వంపుకి రబ్బరు చుట్టి, క్లిప్పు వేసి బిగించాడు. స్టీరింగ్ ఆయిల్ ఇంట్లో ఉన్నది ఒక్క సీసా. సగం పోశాడు. భార్య లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పింది. కొంచెం కదిలింది, మూలిగింది, ఆగిపోయింది. కింద మళ్ళీ టపటపా.

"నేనో గుడ్డ చుట్టి గట్టిగా కుట్టు వెయ్యనా?" అన్నాడు టైలరు, ఏం చెయ్యాలో తోచక.

"నీ కుట్టు నా పొట్టకే ఆగలేదు, ఆయిల్‌కి ఆగుతుందా?"

ఎవరూ నవ్వలేదు. అన్నవాడూ నవ్వలేదు.

మళ్ళీ ఫోన్. "మామయ్యా, బయల్దేరారా?"

"దారిలో ఉన్నాననుకో."

కొట్టులో లేని సరుకు ఉందని ఆయన ఏనాడూ అనలేదు. ఇవాళ అనేశాడు. ఫోన్ జేబులో పెట్టి మళ్ళీ బానెట్ అంచు పట్టుకున్నాడు. అవతల ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఇవతల తన ఒంట్లో ఉన్న రక్తం ఆమెకు చేరాలంటే ఈ గొట్టం కారకూడదు. అంతే లెక్క.

భార్య టార్చి తెచ్చింది. "పట్టుకోనా?"

"బ్యాటరీ దండగ. నువ్వు జరుగు."

వేడి ఇంజన్‌లో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. వేలు చురుక్కుమన్నా తియ్యలేదు. వంపు దగ్గర తడి. దానిపైనా తడి. ఇంకా పైకి పోతే, గొట్టాన్ని పంపుకి బిగించే బోల్టు చుట్టూ తడి. దానిపైన పొడి.

"నువ్వు చెప్పింది నూనె పడే చోటు. పుట్టేది ఇక్కడ," అన్నాడు.

వ్యాపారంలో నష్టమూ అంతే. తేలేది ఒక చోట, మొదలయ్యేది ఇంకో చోట. ఆ తేడా తెలియడానికి సగం సీసా ఖర్చయింది.

బోల్టు విప్పితే, నూనె కారకుండా సందు మూసే రెండు రాగి వాషర్లు చేతిలోకి వచ్చాయి. గోటితో గీకాడు. ఏళ్ళ తరబడి నలిగి రాయిలా గట్టిపడ్డాయి. కొత్తవి కొట్టులో డబ్బాడున్నాయి. కొట్టేమో కొండ అవతల, ఆస్పత్రి పక్క వీధిలో ఉంది.

"స్టవ్ వెలిగించు," అన్నాడు.

భార్య ఒక వాషర్‌ను పట్టకారుతో పట్టి, ఎడమ చేత్తో మంట మీద ఉంచింది. కిందటేడు జారిపడ్డప్పుడు కుడి మణికట్టులో ప్లేటు వేశారు. ఆ చేత్తో నిండు చెంబు కూడా ఎత్తలేదు.

"ఎర్రబడిందా?"

"ఇంకా లేదు."

"నిప్పులా మెరిస్తే చెప్పు."

"మెరిసింది."

"నీళ్ళలో వెయ్యి."

సుయ్‌మంది. రెండోది కూడా అలాగే కాల్చింది. కాలితే రాగి మెత్తబడుతుంది. మెత్తబడ్డది మళ్ళీ సందులో ఒదుగుతుంది.

వాషర్లను గరుకు కాగితం మీద రుద్ది, బోల్టుకి అటొకటి ఇటొకటి వేసి, పళ్ళు బిగబట్టి బిగించాడు. మిగిలిన ఆయిల్ పోశాడు. ఇదీ కారితే ఇక పోయడానికి చుక్క లేదు.

"స్టార్ట్ చెయ్యి. మెల్లగా ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పు."

పంపు బుసకొట్టింది. గాలి బుడగలు గొణిగాయి. షావుకారు బోల్టు కింద అరచెయ్యి పట్టాడు. గొణుగుడు తగ్గింది. అరచెయ్యి పొడిగానే ఉంది.

"బరువుందా?"

"లేదండీ." ఆమె ముక్కు ఎగపీల్చింది. "వేలితో తిరుగుతోంది."

"ఏడుపు తర్వాత. ఇంజన్ ఆపకు."

బానెట్ మూశాడు. టైలరు పరిగెత్తి గేటు బార్లా తీసి వచ్చాడు.

స్టీరింగ్ వదలకుండా కళ్ళు తుడుచుకుంటున్న భార్య పక్కకి, కారు అంచు తడుముకుంటూ వచ్చి కూర్చున్న షావుకారు, టైలరు చేతికందించిన తెల్లకర్రను మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.