గౌరయ్య మరమ్మతు

"మార్చిండ్రా? ఎవడు మార్చిండు? మా తాత చేతిల ఎట్లుండెనో అట్లనే ఉన్నదది!" దామోదర్ బల్ల మీద అరచేత్తో చరిచాడు.

అరుణ బెదరలేదు. సూర్యాపేటలో లైసెన్సు తుపాకులు బాగుచేసే షాపును తండ్రి తర్వాత తనే నడుపుతోంది. ఇలాంటి గర్జనలు వారానికొకటైనా వింటుంది. పాత పిస్తోలును లైటు కిందికి జరిపి, పక్క రేకు మీది రెండు మచ్చలను గోటితో చూపించింది.

"జర సూడుండ్రి సార్. గీడ రెండు బెజ్జాలుండె. ఇనుము నింపి ఆకురాయి పట్టిండ్రు. ఇది మొదట చెకుముకి రాయి పిస్తోలు. తర్వాత మందు టోపీ పెట్టి పేల్చేటట్టు మార్చిండ్రు. ఒరిజినల్ అని నేనెట్ల రాసిస్త?"

దామోదర్ కోపం ఇట్టే చల్లారింది.

"ఓ, అదా! అయితే మీ ముత్తాత గౌరయ్య పనే. సంఘపోళ్లు దొరల మీద లేచిన రోజుల్ల ఊరు ఊరంతా మా గడి మీదికొస్తే, ఆయనొక్కడే మా తాత దిక్కున్నడు. నమ్మినబంటు!"

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. కానీ మూలన కుర్చీలో ఉన్న అచ్చమ్మ తల వాలిపోయింది. గౌరయ్య ఆమె తండ్రి. 'దొర తొత్తు బిడ్డ' అంటూ తోటి పిల్లలు బావి దగ్గర నుంచి తరిమిన మాట ఎనభై ఐదేళ్లొచ్చినా ఆమె చెవుల్లోంచి పోలేదు. అమ్మమ్మను చూసి అరుణ ఈ పని ఒప్పుకోకుండా ఉండాల్సిందనుకుంది.

"ఆదివారం మా ఊర్ల తాత విగ్రహం ఓపెనింగ్," దామోదర్ ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. "పక్కనే అద్దాల పెట్టెల ఇది పెడ్తం. 'చేత పిస్తోలున్నా పేల్చని కరుణామూర్తి' అని రాయి మీద చెక్కిచ్చిన. ఊరు మీదికొచ్చిన ఆ రాత్రే తాత పట్నం పోయిండు, మళ్ళ దీన్ని ఎవ్వలు ముట్టలె. జర తుప్పు దులిపి, ట్రిగ్గర్ ఆడేటట్టు చేసియ్యి."

అరుణ గొట్టంలోకి సన్నటి కడ్డీ దింపింది. అడుగు దాకా పోకుండా రెండు వేళ్ల ముందే ఆగింది.

"లోపల గుండున్నది సార్."

"ఉంటది మరి! నింపిండు, పేల్చలె. కరుణంటే గదే!"

అరుణ మరచుట్ల కడ్డీతో గుండును జాగ్రత్తగా బయటికి లాగింది. నల్లటి మందును కాగితం మీదికి ఒంపింది. ఇక మిగిలింది, తుప్పుపట్టి కిందికి బిగుసుకుపోయిన సుత్తి. నూనె వేసి, ఆగి, మళ్లీ వేసి, మెల్లగా పైకెత్తింది.

సుత్తి కింద చిన్న రాగి టోపీ. నలిగి, కాలి, నిప్పును గొట్టంలోని మందుకు పంపే బోలు మొనకు అతుక్కుపోయి ఉంది.

"పేలిన టోపీ సార్ ఇది," అంది నెమ్మదిగా. "మీ తాత ట్రిగ్గర్ నొక్కిండు."

దామోదర్ నవ్వు సగంలో ఆగింది. "నొక్కితే గుండు లోపలెందుకుంటది?"

అదే అరుణకూ అర్థం కాలేదు. టోపీని ఒలిచి, మొనలోకి తీగ దూర్చింది. కొంచెం పోయి ఆగింది. మసి అనుకుని కడిగింది. మళ్లీ దూర్చింది. మళ్లీ ఆగింది. మొనను విప్పి భూతద్దంలో చూసింది.

"అమ్మమ్మా!" అరిచినంత పని చేసింది. "మీ నాయిన దీనికి బెజ్జం సగమే కొట్టిండే! అవతలి సగం గట్టి ఇనుము. టోపీ ఠప్పుమంటది గని నిప్పు మందుకు అందనే అందదు. కావాల్ననే చేసిండు. ఎవ్వలికి చెప్పకుంటనే పోయిండు!"

అచ్చమ్మ తలెత్తింది. లేచి వచ్చి బల్ల మీది గుండును అరచేతిలోకి తీసుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, నోరంతా నవ్వు.

దామోదర్ గబగబా షాపు తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు. "ఎవ్వలికి చెప్పకుండ్రి. ఆ మిగిలిన బెజ్జమేదో కొట్టి, జర రిపేరు చేసియ్యి అరుణా."

"రిపేరెందుకు బిడ్డా?" అంది అచ్చమ్మ. "మా నాయిన చేసిన పని ఇప్పటికి గూడ బరాబర్ నడుస్తున్నది గదా!"