పేరు లేని సైటు

ఆదివారం ఉదయం జీవిత తన భర్త చెప్పులను తిరగేసి, అడుగున అంటిన మన్నును కత్తితో గీకి పొట్లం కట్టింది. ఎడమ చెప్పు మడమ దగ్గర అడ్డంగా చీలి ఉంది. ఆ చీలికలోని మన్నునూ వదలలేదు.

భర్త శబరి తుడియలూరులో పంపులు తయారుచేసే షెడ్డులో ఫిట్టరు. మూడు శనివారాలుగా ఓవర్‌టైం అంటున్నాడు. ఇనుము కోసే చోట తిరిగిన చెప్పులకు ఇనుపరజను అంటి తీరాలి. ఆమె అయస్కాంతం పెట్టి చూసింది. ఒక్క తునకా లేవలేదు.

"ఏనుంగ, ఈ మన్ను యాడిది?" మొగుణ్ణి అడిగింది.

"షెడ్డుది. ఇంక యాడిది? నువ్వొక సందేహప్రాణి!" శబరి కసిరాడు. "మీ ల్యాబ్‌లో ఆ కార్తి తెచ్చే మురుక్కు తినుకుంటా, నవ్వుకుంటా కూర్చునే పని అనుకున్నావా నాది?"

ఆమె పొట్లాన్ని ఆఫీసు సంచిలో వేసుకుంది. ఆర్.ఎస్. పురంలోని ల్యాబ్‌లో మన్నును జల్లించి, ఏ పరిమాణం రేణువులు ఎంత పాలు ఉన్నాయో తేల్చడం ఆమె ఉద్యోగం; ఆదివారం ఒక్కటే సెలవు. ఎందరో బిల్డర్ల అబద్ధాలు ఆ జల్లెడల్లో పట్టుబడ్డాయి. మొగుడిది ఒక లెక్కా?

సోమవారం ఆ మన్నును ఎండబెట్టి, తూచి, ఒకదాని కింద ఒకటి పేర్చిన జల్లెడల్లో పోసి ఊపింది. పై జల్లెడలో ఎర్ర మొరం మిగిలింది. నడుమ నొయ్యల్ ఏటి ఇసుక. అట్టడుగు పళ్లెంలో నల్లరేగడి పొడి.

ఈ మూడూ ఒక్కచోట ఉండే నేల ఏదీ ఆమెకు తెలియదు. నాలుగేళ్ల రిజిస్టరు తిరగేసింది. ఒక్క స్థలమూ సరిపోలలేదు.

అంటే మూడు శనివారాలు, మూడు చోట్లా? ఒకతా, ముగ్గురా? సాయంత్రమే కంబం బస్సెక్కి పుట్టింటికి పోవాలని, మళ్లీ ఆ గడప తొక్కరాదని నిశ్చయించుకుంది.

"ఏమక్కా, మొగం అట్లుంది?" పక్క బల్ల దగ్గర నుంచి కార్తి అడిగాడు. "అది ఏ సైటు శాంపిలు?"

"పేరు లేని సైటు."

సాక్ష్యాన్ని సంచిలో భద్రపరిచి, పరీక్ష ముగిసిన తక్కిన శాంపిళ్లను ఎప్పటిలాగే పారబోయడానికి ట్రే ఎత్తుకొని ల్యాబ్ వెనక్కి నడిచింది.

నాలుగేళ్లుగా అన్ని ఊళ్ల మన్నూ ఆమె చేతుల మీదుగానే వచ్చి కలుస్తున్న ఆ గుట్ట మీద, శనివారం వానకు తడిసి ఆరిన చోట, సరిగ్గా ఆమె కుర్చీ పక్క కిటికీ కింద, మడమ చీలిన ఎడమ చెప్పు గుర్తులు లోపలికి తొంగిచూస్తున్నట్టు గోడ వైపే తిరిగి ఉన్నాయి.