గాలి గుంజే చోటు

కారు ఏడోసారి ఆగిపోయింది.

సుబ్బరాజు స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటి వేశాడు. ముప్ఫై ఏళ్ళ కారు. స్టార్టవుతుంది, గజగజ వణుకుతుంది, కాలు తీయగానే చచ్చిపోతుంది.

మధ్యాహ్నం పన్నెండుకి ఫిట్‌నెస్ తనిఖీ. అక్కడ ఇలా ఆగిపోయిందో, ఇక రోడ్డెక్కనివ్వరు. తుక్కు కిందకే.

"ఇచ్చేయండి తుక్కుకి," అంది గుమ్మంలోంచి భార్య దుర్గ. "కార్ఖానా బజార్లో మెకానిక్కులందరూ అదే కదా అన్నారు."

"ఆళ్ళ మొహం! ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను. నా ఊపిరున్నంతవరకు దీన్ని ఇవ్వను గాక ఇవ్వను. షాలేమ్ ఉంటేనా, ఈపాటికి..."

షాలేమ్ మెకానిక్ పోయి ఆరు నెలలైంది. ఇరవై ఏళ్ళు ఈ కారు మీద అతని చెయ్యి తప్ప మరో చెయ్యి పడలేదు.

"జెర మళ్ళ చాలూ చేయుండ్రి అన్నా."

గేటు దగ్గర ఎవరో ఆవిడ. యాభై దాటి ఉంటాయి. చేతిలో బట్టల సంచి.

"నీకేటి పని?"

"టేషన్‌కు పోతున్న. సప్పుడు ఇని ఆగిన. ఒక్కసారి చాలూ చేయుండ్రి."

విసుగ్గా తాళం తిప్పాడు. ఆమె లోపలికొచ్చి, ఎత్తి ఉన్న బానెట్ కిందకి వంగి కళ్ళు మూసుకుంది. కారు వణికి వణికి ఆగింది.

"ఎక్కడ్నో గాలి గుంజుతుంది. గా సన్న రబ్బరు పైపు మీద తడిబట్ట కప్పి సూడుండ్రి. సప్పుడు సాఫ్ అయితే పగులు అక్కడనే."

సుబ్బరాజు నవ్వాడు.

"విని చెప్పేశావా? ఈ సికింద్రాబాద్ మొత్తానికి అలా విని చెప్పే మొనగాడు షాలేమొక్కడే."

"మీ ముందట ఎన్నడన్న ఇన్నడా?"

"ఎవరి ముందూ చెయ్యడు. కారు వదిలేసి పొమ్మనేవాడు. సాయంత్రానికి రెడీ. మనం ఎంత వాగినా తలూపుడే, జవాబుండేది కాదు. అదీ పెద్ద పనివాడి లక్షణం! నువ్వెళ్ళమ్మా, రైలు పోద్ది."

ఆమె సంచి భుజానికెత్తుకుని అతని కళ్ళల్లోకే చూసింది.

"నేను ఇన్నది ఇన్నట్టు చెప్పిన. నవ్వుతే నవ్వుండ్రి. పగులైతే అక్కడనే ఉంటది."

వెళ్ళిపోయింది.

అతను మరో రెండుసార్లు తాళం తిప్పాడు. అదే తంతు.

దుర్గ వంటింటి గుడ్డ తడిపి తెచ్చి పైపు మీద పరిచింది.

"ఇప్పుడు తిప్పండి."

వణుకు ఆగింది. ఇంజన్ ఒకే శ్రుతిలో, నిదానంగా ఆడింది. గుడ్డ తీస్తే వణుకు. వేస్తే నిదానం.

పైపు కొసన గోటి గాటంత పగులు. చీలిన ముక్క కోసేసి, మిగిలింది లాగి బిగించాడు.

పన్నెండున్నరకి కారు తనిఖీలో నెగ్గింది. పావుగంట ఆడించినా ఇంజన్ దగ్గనైనా లేదు.

తిరిగొస్తూ, షాలేమ్ షెడ్డు పక్కన పంక్చర్లు వేసే సదాశివ దగ్గర కావాలనే ఆపాడు.

"చూశావా సదాశివా! తుక్కన్నారుగా అందరూ? నేనే పట్టాను. తడిగుడ్డేసి పట్టాను."

సదాశివ చేతిలోని ట్యూబు నీళ్ళ తొట్టిలో అలాగే ఉండిపోయింది.

"తడిబట్టనా? గట్ల చేయమని ఎవరు చెప్పిండ్రు సార్?"

"ఎవరో ఆవిడలే. స్టేషన్‌కి పోతూ ఏదో వాగింది."

"ప్రిసిల్లక్క! షాలేమన్న భార్య. పోయిందా? అన్న సచ్చిపోయినంక పని కోసం షెడ్డు షెడ్డు తిరిగింది సార్. ఆడామెకు ఇంజన్ సంగతి ఏం ఎరుకని నవ్విండ్రు గానీ, ఒక్కడు సుత పెట్టుకోలే. చెల్లె దగ్గరికి పోతా అన్నది. ఇగ రాదు."

సుబ్బరాజు మొహం ఎర్రబడింది. అయినా తగ్గలేదు.

"అయితే షాలేమే నేర్పుంటాడు. అతని విద్యేగా!"

సదాశివ ట్యూబు పక్కన పెట్టి, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అన్న నేర్పుడేంది సార్, ఆయనకు పెండ్లికి ముందు సంది చెవులు ఇనరావు, ఇన్నేండ్లు మీ బండ్లు ఇన్నది ఆమెనే."